గిటార్ నట్: ఓపెన్ తీగ నిండుగా, నిలకడగా మోగాలంటే గాడిని ఎలా సరిచేసుకోవాలి

పోయిన ఎండాకాలంలో మా వీధి చివర ఉండే ఇంటర్ అబ్బాయి ఒకడు గిటార్ భుజాన వేసుకొని మా ఇంటికి వచ్చాడు. "అన్నా, దీనికి ఎముక నట్ వేయిస్తే సౌండ్ బాగా నిలుస్తుందంట. చెన్నైకి పోయి వేయించుకొని వద్దామనుకుంటున్నా" అన్నాడు. గిటార్ తీసుకొని మూడో తీగను ఓపెన్‌గా, అంటే ఎక్కడా వేలు నొక్కకుండా, మీటాను. టక్‌మని మోగి అక్కడికక్కడే పడిపోయింది. అదే తీగను మొదటి ఫ్రెట్‌లో (మెడ మీద అడ్డంగా ఉండే మొదటి లోహపు కడ్డీ దగ్గర) నొక్కి మీటితే హాయిగా మోగుతూ నిలిచింది. అంటే తీగ బాగానే ఉంది, గిటార్ పెట్టె బాగానే ఉంది. తప్పంతా నట్‌లో, అంటే మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీలో, ఆ తీగ కూర్చునే గాడిలోనే ఉంది.

మేము నట్ మార్చలేదు. ఆ గాడి ఒక్కదాన్నే సరిచేశాం. అరగంట కూడా పట్టలేదు. ఆ పాత ప్లాస్టిక్ నట్ మీదే మూడో తీగ మళ్లీ నిండుగా పలికింది.

నట్ అనగానే అందరూ ముందు అడిగేది అది దేనితో చేసిందని. ఎముకా, ఇత్తడా, ప్లాస్టిక్కా అని. నా అనుభవంలో అంతకంటే ముందు చూడాల్సింది గాడి ఎలా కోశారన్నది. మంచి ఎముకలో చెడ్డ గాడి కోస్తే ఆ డబ్బు వృథా. మామూలు ప్లాస్టిక్‌లో కూడా గాడి శుభ్రంగా ఉంటే గిటార్ చక్కగా పలుకుతుంది. అందుకే ఇక్కడ పదార్థం గురించి చివర్లో చెప్తాను. ముందు పరీక్ష, తర్వాత గాడి.

నట్ చేసే పని ఏమిటి?

శ్రుతి కీలు ఉండే తలభాగం హెడ్‌స్టాక్. దానికీ, ఫ్రెట్‌లు ఉండే ఫ్రెట్‌బోర్డ్‌కూ మధ్య అడ్డంగా ఉండే చిన్న పట్టీయే నట్. వీణ తెలిసినవాళ్లకు మేరువు అంటే చాలు, ఇది కూడా అలాంటిదే. తీగ మోగే పొడవుకు ఒక కొస పెట్టె మీది బ్రిడ్జ్‌లో తీగలు ఆనే పట్టీ, అంటే శాడిల్, రెండో కొస నట్. తీగను మీటగానే అల ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి వెనక్కి వస్తుంది. కొస గట్టిగా, కదలకుండా ఉంటే అల దాదాపు పూర్తి బలంతో తిరిగొస్తుంది. కొస మెత్తగానో వదులుగానో ఉంటే ప్రతిసారీ కొంత బలం అక్కడే ఇంకిపోతుంది. ముందుగా పోయేవి పై హార్మోనిక్స్, అంటే స్వరానికి మెరుపునిచ్చేవి. అందుకే గాడి బాగాలేని తీగ మొదట మొద్దుబారినట్టు వినిపిస్తుంది, ఆ తర్వాత త్వరగా ఆగిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు ఏదైనా ఫ్రెట్‌లో వేలు నొక్కిన క్షణం నుంచి ఆ తీగకు కొస నట్ కాదు, ఆ ఫ్రెట్ లోహం. కాబట్టి నట్ ప్రభావం వినపడేది ప్రధానంగా ఓపెన్ తీగల్లోనే. జి, సి, డి, ఈ మైనర్ లాంటి ఓపెన్ కార్డ్స్ ఎక్కువగా వాయించేవాళ్లకు ఇది పెద్ద విషయమే. భజనల్లోనూ, చర్చిలోనూ, కాలేజీ ఫంక్షన్లలోనూ వాయించేవి ఎక్కువగా అవే కదా. పూర్తిగా బారె కార్డ్స్ (ఒకే వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కేవి) మీద నడిచే చేతికి మాత్రం నట్ మార్చినా టోన్‌లో పెద్ద తేడా తెలియదు. నట్ మారిస్తే గిటార్ మొత్తం మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పెట్టకండి.

అయితే నట్ ఎత్తు మాత్రం అందరికీ ముఖ్యమే. గాళ్లు ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్‌లో తీగను కిందికి చాలా దూరం నొక్కాలి. అలా నొక్కేటప్పుడు తీగ సాగి శ్రుతి పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎఫ్ కార్డ్ దగ్గర వేళ్లు నొప్పెట్టి గిటార్ మూల పెట్టేయడానికి చాలాసార్లు ఇదే కారణం. వాళ్ల వేళ్లలో లోపం ఏమీ ఉండదు.

మొదటి పని: తప్పు నట్‌దేనని తేల్చుకోండి

పాత తీగలతో ఏ పరీక్షా చేయకండి. కొత్త సెట్ వేసి, శ్రుతి చేసి, ఒక రోజు కుదురుకోనివ్వండి. తర్వాత ఫోన్‌ను గిటార్‌కు ఒక అడుగు దూరంలో పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా ఓపెన్‌గా మీటి, ప్రతిదాన్నీ పూర్తిగా ఆగేదాకా వదిలేయండి. ఆ తర్వాత మొదటి ఫ్రెట్‌కు కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి మళ్లీ అదే బలంతో మీటండి. కాపో పెట్టినప్పుడు బాగా నిలిచే తీగ ఓపెన్‌గా మీటితే చచ్చిపోతోందంటే తప్పు నట్‌దే. రెండు సందర్భాల్లోనూ ఒకేలా త్వరగా ఆగిపోతోందంటే నట్ జోలికి వెళ్లకండి. శాడిల్ సరిగ్గా కూర్చుందా, పెట్టె లోపల ఏదైనా ఆసరా బద్ద ఊడిందా, కీల స్క్రూలు వదులయ్యాయా చూడండి. ఏదో ఒక్క ఫ్రెట్‌లో ఒక్క స్వరమే పడిపోతుంటే అది చాలాసార్లు మెడ కర్ర తన సొంత కంపనంతో ఆ స్వరాన్ని మింగేయడం. దానికి నట్ మందు కాదు.

ఇంకో మూడు గుర్తులున్నాయి. శ్రుతి చేస్తూ కీ తిప్పుతుంటే నట్ దగ్గర "టింగ్" మని చప్పుడు వచ్చి శ్రుతి ఒక్కసారిగా గెంతితే, గాడి తీగను బిగబట్టి వదులుతోందని అర్థం. ట్యూనర్‌లో ఓపెన్ తీగ సరిగ్గా ఉండి, పన్నెండో ఫ్రెట్‌లోనూ సరిగ్గా ఉండి, మొదటి ఫ్రెట్‌లో మాత్రం పదేసి సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) ఎక్కువ చూపిస్తే గాడి ఎత్తుగా ఉందన్నమాట. మూడోది, ఓపెన్ తీగ మీటితే సన్నగా జుమ్మని రెపరెపలాడే చప్పుడు.

ఆ చప్పుడు ఎందుకొస్తుందో తెలియాలంటే తంబురాను తలుచుకోండి. మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల వైపు వెళ్లేవాళ్లకు ఆ నాదం కొత్త కాదు. తంబురా బ్రిడ్జ్ పైభాగం కొద్దిగా వంపుగా, వెడల్పుగా ఉంటుంది. తీగ దాన్ని ఒక్క బిందువు దగ్గర కాకుండా మెల్లగా తాకుతూ వదులుతూ ఉంటుంది. కింద జీవా దారాన్ని జరిపి ఆ తాకిడిని సరిచేస్తారు. అక్కడ ఆ ఝుంకారమే ప్రాణం. గిటార్ నట్‌లో గాడి అడుగు బల్లపరుపుగా ఉన్నా, హెడ్‌స్టాక్ వైపు ఎత్తుగా ఉన్నా సరిగ్గా ఇదే జరుగుతుంది. కానీ ఇక్కడ అది మనం కోరుకున్నది కాదు.

రెండో పని: మెడను చూడండి

నట్ ఎత్తు కొలిచే ముందు మెడ వంపు సరిగ్గా ఉండాలి. తిరుపతిలో మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడి గాలి. కర్ర ఈ రెండింటికీ కదులుతుంది. మొదటి ఫ్రెట్‌లోనూ, మెడ పెట్టెలో కలిసే చోట ఫ్రెట్‌లోనూ తీగను ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. రెండు జెరాక్స్ కాగితాల మందం, అంటే సుమారు 0.2 మి.మీ. ఉంటే చాలు. ఎక్కువ తక్కువలుంటే మెడ లోపల వంపును సరిచేసే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ఒకసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పండి. అది బిగిసిపోయి తిరగకపోతే బలం పెట్టకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

మూడో పని: ఎత్తు కొలవండి

తీగను రెండో, మూడో ఫ్రెట్‌ల మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగకు కింద ఎంత సందు ఉందో చూడండి. కంటికి కనపడీ కనపడనంత ఉండాలి. లావు తీగలకు ఒక జెరాక్స్ కాగితం దూరేంత, అంటే 0.1 మి.మీ. ఉండొచ్చు. సన్న తీగలకు ఇంకా తక్కువ. వేలి కొనతో తీగను మొదటి ఫ్రెట్ మీద తట్టితే చిన్నగా "టిక్" మనాలి. ఆ టిక్ అసలు వినపడకపోతే తీగ ఫ్రెట్ మీద వాలిపోయింది, గాడి లోతు ఎక్కువైంది. కాగితాలు రెండు మూడు దూరుతుంటే గాడి ఎత్తుగా ఉంది.

పనిముట్లు

నట్ కోసే ప్రత్యేకమైన ఆకురాళ్లు ఉంటాయి, మంచివి ఖరీదెక్కువ. ఒక్క గిటార్ కోసం అవన్నీ కొనక్కర్లేదు. గ్యాస్ వెల్డింగ్ చేసేవాళ్లు నాజిల్ శుభ్రం చేయడానికి వాడే టిప్ క్లీనర్ సెట్ హార్డ్‌వేర్ షాపులో అడగండి. రకరకాల మందాల్లో సన్నని గరుకు కడ్డీలు ఒకే డబ్బీలో ఉంటాయి. అవి వంగుతాయి, అందుకే పొట్టిగా పట్టుకొని నిదానంగా లాగాలి. బైక్ మెకానిక్‌లు టాపెట్ సెట్టింగ్‌కు వాడే ఫీలర్ గేజ్ సందులు కొలవడానికి పనికొస్తుంది. ఇంకా కావాల్సినవి ఒక వెర్నియర్ కాలిపర్, 400, 800 నంబర్ల ఉప్పు కాగితం, మాస్కింగ్ టేపు, మెత్తని పెన్సిల్.

పన్నెండు నుంచి యాభై మూడు అని (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) పిలిచే మామూలు లైట్ సెట్‌లో తీగల మందాలు సన్నదాని నుంచి వరసగా ఇలా ఉంటాయి: 0.30, 0.41, 0.61, 0.81, 1.07, 1.35 మి.మీ. గాడి వెడల్పు తీగ మందం కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. ఎక్కువ ఉంటే సరిపోతుంది. అంతకు మించి వెడల్పయితే తీగ పక్కలకు ఊగి బలం పోగొట్టుకుంటుంది. ఇరుకైతే బిగుసుకుంటుంది. పది నంబరు సెట్‌కు కోసిన నట్ మీద పన్నెండు నంబరు సెట్ వేసి, "టింగ్ టింగ్" మంటోంది అని వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ గాడిని కొంచెం వెడల్పు చేస్తే చాలు.

నాలుగో పని: గాడి కోత

అసలు పని ఇదే, తొందరపడకండి. హెడ్‌స్టాక్ ముఖానికీ, మొదటి ఫ్రెట్ వైపు కర్రకూ మాస్కింగ్ టేపు అంటించండి. ఒక్క తీగను మాత్రమే సడలించి, గాడిలోంచి తీసి పక్కకు జరపండి. మిగతావి బిగుతుగానే ఉండనివ్వండి, లేకపోతే మెడ వంపు మారిపోయి మీ కొలతలన్నీ తప్పుతాయి.

ఆకురాయిని హెడ్‌స్టాక్ వైపు కొంచెం కిందికి వాల్చి పట్టుకోండి. హెడ్‌స్టాక్ ఎంత వెనక్కి వాలి ఉందో అందులో సగం వాలు చాలు. ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచే గాడిలో అన్నిటికంటే ఎత్తైన చోటు కావాలి, తీగ అక్కడి నుంచే విడిపోవాలి. వెనక వైపు ఎత్తుగా ఉంటే జుమ్మనే చప్పుడు వస్తుంది, శ్రుతి కూడా తప్పుతుంది. మరీ ఎక్కువగా వాల్చినా ముందు అంచు కత్తిలా పల్చబడి త్వరగా అరిగిపోతుంది.

గాడి దిశ కూడా చూడాలి. మూడు కీలు అటు, మూడు కీలు ఇటు ఉండే హెడ్‌స్టాక్‌లో మధ్య తీగలు రెండూ, అంటే మూడోదీ నాలుగోదీ, నట్ దాటగానే అన్నిటికంటే ఎక్కువగా పక్కకు తిరుగుతాయి. గాడి మాత్రం తిన్నగా కోసి ఉంటే తీగ దాని గోడకు రాసుకుంటుంది. మూడో తీగ శ్రుతి నిలవడం లేదని ఇన్ని గిటార్ల మీద ఫిర్యాదు రావడానికి ఒక కారణం ఇది. గాడి ముందు సగం తిన్నగా ఉంచి, వెనక సగాన్ని ఆ తీగ కీ వైపు మెల్లగా తిప్పండి. మా వీధి అబ్బాయి గిటార్‌కు మేం చేసింది ఇదే. దాంతోపాటు వెనక ఎత్తుగా ఉన్న అంచును దించాం.

రెండు మూడు సార్లు లాగండి, ఆపండి. తీగను గాడిలో పెట్టి పూర్తి శ్రుతికి తెచ్చి మళ్లీ కొలవండి. సడలిన తీగతో కొలిస్తే లెక్క రాదు. ఇలా ఒక్క గాడికి ఎనిమిది పది సార్లు తీసి పెట్టాల్సి రావచ్చు. విసుగు పుడుతుంది, నిజమే. కానీ సన్న తీగల గాళ్లలో చివరి రెండు లాగుళ్లే మొత్తాన్ని పాడు చేస్తాయి. నేను మొదటిసారి చేసినప్పుడు ఐదు గాళ్లు బాగా వచ్చాయి. ఆరోదాన్ని కొలవకుండా ఇంకో రెండు సార్లు లాగాను, ఆ నట్ మొత్తం పోయింది.

సరైన ఎత్తు వచ్చాక అదే మందం ఉన్న పాత తీగ ముక్కను గాడిలో వేసి రంపంలా నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగండి. గరుకుదనం పోయి అడుగు నున్నబడుతుంది. పెన్సిల్ ముల్లును గాడిలో రాయండి, ఆ గ్రాఫైట్ పొడి మీద తీగ జారుతుంది. పైన మిగిలిన గోడ ఎత్తును కూడా చూడండి. లావు తీగలు సగం బయటికి కనపడాలి. సన్నవి గాడిలో పూర్తిగా కూర్చున్నా ఫర్వాలేదు, కానీ పైన గోడ లేచి ఉండకూడదు. తీగ లోతుగా పూడుకుపోయి ఉంటే పైభాగాన్ని ఉప్పు కాగితంతో దించండి.

లోతు ఎక్కువైతే

భయపడకండి, పూడ్చొచ్చు. చుట్టూ టేపు వేసి, గాడిలో నట్ పదార్థపు పొడినే కొంచెం నింపి, అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క ఫెవిక్విక్ వదలండి. ప్లాస్టిక్ నట్‌కు పొడి దొరక్కపోతే వంట సోడా వాడతారు, అది జిగురు తగలగానే క్షణంలో గట్టిపడుతుంది. అప్పుడు వచ్చే పొగ కళ్లకు, ముక్కుకు మంచిది కాదు, ముఖం దూరంగా పెట్టుకోండి. గట్టిపడ్డాక మళ్లీ మొదటి నుంచి కోయండి. పూడ్చిన గాడి కొన్నాళ్లకు అరుగుతుంది. కొత్త నట్ వేసేదాకా అది పని నడుపుతుంది.

నట్ మార్చక తప్పకపోతే

లోపల డొల్లగా ఉన్న ప్లాస్టిక్ నట్, పగిలిన నట్, పూడ్చి పూడ్చి అరిగిన నట్ మార్చాల్సిందే. ఇప్పుడు పదార్థం గురించి మాట్లాడుకోవచ్చు.

ఎముక గట్టిది, బాగా నున్నబడుతుంది, ఓపెన్ తీగకు స్పష్టత ఇస్తుంది. ఒక్కో ముక్క ఒక్కోలా ఉంటుంది, మధ్యలో మెత్తని చోట్లు తగలొచ్చు. కానీ ఇది పశువు ఎముక. మన ఊళ్లో చాలా ఇళ్లలో దాన్ని ఇంట్లోకి రానివ్వరు, పూజ గది ఉన్న ఇంట్లో అసలే ఒప్పుకోరు. మీరు వేరేవాళ్ల గిటార్‌కు నట్ వేస్తుంటే ముందే చెప్పి అడగండి. చెప్పకుండా వేయడం తప్పు. ఎముక వద్దనేవాళ్లకు గ్రాఫ్‌టెక్ అనే కెనడా కంపెనీ చేసే టస్క్ ఉంది. అది మనిషి తయారు చేసిన పదార్థం, అంతటా ఒకే గట్టిదనంతో ఉంటుంది. మైకార్టా (రెసిన్‌తో గట్టిపరచిన కాగితం లేదా గుడ్డ పొరలు) కొంచెం మెత్తగా పలుకుతుంది. ఇత్తడి బరువైనది, ఓపెన్ తీగ మోత ఫ్రెట్‌లో నొక్కిన తీగ మోతకు దగ్గరగా ఉంటుంది. కానీ చేత్తో గాళ్లు కోయడం కష్టం. ఎర్రచందనంతో చేయొచ్చా అని ఇక్కడ తరచుగా అడుగుతారు. శేషాచలం చెట్టు మీద మనకున్న ప్రేమ వేరే సంగతి. లెక్కాపత్రం లేని ఆ కర్ర ముక్క దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది. పైగా మీద సన్న లోహపు తీగ చుట్టిన లావు తీగలు కర్రను త్వరగా కోసేస్తాయి.

పాత నట్ తీసే ముందు దాని చుట్టూ ఉన్న పాలిష్‌ను బ్లేడుతో గీయండి. లేకపోతే పాలిష్ పెచ్చులుగా లేచిపోతుంది. ఫ్రెట్‌బోర్డ్ వైపు చిన్న కర్ర దిమ్మ ఆనించి, హెడ్‌స్టాక్ దిశగా సుత్తితో మెల్లగా తట్టండి. ఫ్రెట్‌బోర్డ్‌లో కోసిన కాలువలో కూర్చునే రకమైతే పక్క నుంచి తట్టాలి. కింద ఉన్న పాత జిగురంతా గీకేయండి.

కొత్త ముక్క అడుగు భాగాన్ని సమం చేయడం ముఖ్యం. అడుగున పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, అద్దం ముక్క మీద పరిచిన ఉప్పు కాగితం మీద రుద్దండి. గీతలన్నీ ఒకేసారి చెరిగిపోతే అడుగు సమంగా ఉన్నట్టు. నట్‌ను దాని చోట పెట్టి వెనక టార్చ్ లైటు వేస్తే కింద నుంచి వెలుగు కనపడకూడదు. అక్కడ సందు ఉంటే ఎంత మంచి ఎముకైనా డొల్ల ప్లాస్టిక్‌లాగే పలుకుతుంది. పొడి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి. ఎముక పొడి వాసన ఇంట్లో చాలాసేపు ఉంటుంది, డాబా మీద చేసుకోవడం మేలు.

ఒక పెన్సిల్‌ను పొడవునా సగానికి అరగదీసి, చదును వైపును మొదటి రెండు ఫ్రెట్‌ల మీద ఆనించి, నట్ ముఖం మీద గీత గీయండి. ఫ్రెట్‌ల ఎత్తు అక్కడ కనపడుతుంది. గాళ్లు ఆ గీతను దాటి కిందికి వెళ్లకూడదు. గాళ్ల మధ్య దూరాన్ని పాత నట్ చూసి అలాగే దించుకోవడం తేలిక. సొంతంగా లెక్కించేటట్టయితే తీగల నడి గీతల మధ్య దూరాలు కాకుండా తీగల అంచుల మధ్య ఖాళీలు సమానంగా ఉండాలి. 43 మి.మీ. నట్ మీద బయటి రెండు తీగల నడి గీతల మధ్య 36 మి.మీ. తీసుకుంటే, పైన చెప్పిన లైట్ సెట్‌కు ఒక్కో ఖాళీ సుమారు 6.45 మి.మీ. వస్తుంది.

అతికించడానికి రెండు చిన్న చుక్కల ఫెవికాల్ చాలు. దాన్ని పట్టి ఉంచేది తీగల ఒత్తిడే. ఎక్కువ జిగురు వేస్తే తర్వాత తీసేటప్పుడు మెడ కర్ర చీలిపోవచ్చు. రాత్రంతా ఆరనిచ్చి, తీగలు ఎక్కించి, మొదట్లో చేసినట్టే ఫోన్‌ను అదే దూరంలో పెట్టి మళ్లీ రికార్డ్ చేయండి. మొదటి రికార్డింగ్ నాటికి తీగల వయసు ఎంతో ఇప్పుడూ అంతే ఉండాలి. పాత తీగలతో నట్‌ను విని, కొత్త నట్‌నూ కొత్త తీగలనూ కలిపి వింటే వచ్చిన మెరుపంతా తీగలదే కావచ్చు.

తీసిన పాత నట్‌ను పారేయకండి. చిన్న కవరులో వేసి, మీద తీగల నంబరు, తేదీ రాసి గిటార్ కేసులో పెట్టండి. తర్వాత ఎప్పుడైనా ఇంకో నట్ కోయాల్సి వస్తే దాని గాళ్ల మధ్య దూరమే మీకు కొలబద్ద.